ఇంట్లో ఎవరూ లేరు

పెదగుమ్మిలంకలో ఎన్నికలు తప్ప అన్నీ సమయానికే జరుగుతాయి. రేవు దాటించే పంటు తెల్లారి ఆరింటికి కదులుతుంది. కొబ్బరికాయల లారీ ఏడింటికి వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడుతుంది. నగర పంచాయతీ ఆఫీసుకి టీ పదకొండింటికి వస్తుంది. అది వచ్చేదాకా ఆఫీసు మొదలు కాదు, వచ్చాక ఆగిపోతుంది. పాలకవర్గం గడువు మాత్రం ఆరేళ్ల కిందటే తీరిపోయింది. అప్పటినుంచీ ఊరిని ప్రత్యేకాధికారి పుల్లేటికుర్తి సర్వోత్తమరావు గారు ఏలుతున్నారు. ఆరు నెలలకోసారి ఆయన ఏలుబడిని ఇంకో ఆరు నెలలు పొడిగిస్తూ పైనుంచి కాగితం వస్తుంది. ఆ కాగితం ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు.

యెరమళ్ళ ఎస్తేరుకి ఎన్నికల మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. ఆమె ఏడో వార్డు అంగన్‌వాడీ టీచరు. ఆమె బడి ఒక పాత కొబ్బరి గోదాంలో నడుస్తుంది. నెత్తిన రేకులు, రేకులకి చిల్లులు. వాన పడితే ముప్ఫై ఎనిమిది మంది పిల్లలూ గంపకింద కోడిపిల్లల్లా ఒక మూలకి చేరతారు. ఎస్తేరు, ఆయా సత్తెమ్మ కలిసి బియ్యం బస్తా ఎత్తి పట్టుకుని నిలబడతారు. సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, నగర పంచాయతీ వారి సామాజిక భవనం ఉంది. స్లాబు వేసి, సున్నం కొట్టి, తాళం వేసి ఏడేళ్లయింది. తాళం తప్ప లోపల కాపురం ఉండేవాళ్లు ఎవరూ లేరు. ఆ హాలు బడికి ఇమ్మని ఎస్తేరు పన్నెండుసార్లు అర్జీ పెట్టింది.

పన్నెండోసారి సర్వోత్తమరావు గారు ఆమెని కూర్చోబెట్టి మరీ మాట్లాడారు.

"చూడమ్మా, సదరు సామాజిక భవనం కేటాయింపు అనేది విధానపరమైన నిర్ణయం. విధానపరమైన నిర్ణయాలు ప్రజలెన్నుకున్న పాలకవర్గమే చేయాలి. నేను స్వతహాగా ప్రజాస్వామ్యవాదిని. ప్రజల అధికారాన్ని నేను చేతుల్లోకి తీసుకుంటే చరిత్ర నన్ను క్షమించదు."

"మరి మొన్న బస్టాండు కాడ ఫౌంటెను కట్టించేరు కదండీ?"

"అది అత్యవసర ప్రాతిపదికన."

"దాన్లో నీళ్లు రావట్లేదండి."

"నీళ్లు విధానపరమైన నిర్ణయం," అన్నారు ఆయన.

ఎస్తేరు ఆ రోజు ఇంటికొచ్చి, కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే భర్త దానియేలుకి వీడియో కాల్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. దానియేలు మంచివాడు. తొమ్మిదేళ్లుగా అరబ్బుల పిల్లల్ని స్కూలుకి దించుతున్నాడు. తన నాలుగేళ్ల కూతురు బ్లెస్సీ చిల్లుల రేకుల కింద కూర్చుంటోందని వినేసరికి అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"అయితే ఎన్నికలు రావాలంతే. వస్తే కౌన్సిలొస్తది, కౌన్సిలొస్తే హాలొస్తది. ఈ శుక్రవారం మనోళ్లందర్నీ కూడేస్తాను చూడు," అన్నాడు.

అన్నట్టే కూడేశాడు. ఒక గదిలో ఆరు మంచాల మీద నలభై మంది, ఫోన్లలో మస్కట్ వాళ్లు, దోహా వాళ్లు కలిసి ఆ శుక్రవారం 'పెదగుమ్మిలంక ప్రవాసుల ఐక్యవేదిక' స్థాపించారు. సకాలంలో, సక్రమంగా ఎన్నికలు జరపాలని డిమాండు చేయాలన్నారు. డిమాండు ఎలా చేయాలన్న దగ్గర కొంచెం తర్జనభర్జన జరిగింది. కలెక్టరు గారికి అర్జీ పంపుదామని ఎవరో అన్నారు.

"అర్జీలో మన ఫొటో ఎక్కడుంటది బావా?" అని మస్కట్ నుంచి ఒకాయన అడిగాడు. దాంతో అర్జీ మాట పక్కకి పోయింది.

పరాయి ఊరివాళ్లకి ఈ ముక్క అర్థం కాదు కాబట్టి చెప్పాలి. పెదగుమ్మిలంకలో ఆడపిల్లకి ఓణీ వేస్తే ఫ్లెక్సీ. ముసలాయన పోతే ఫ్లెక్సీ. ఆయన పోయి ఏడాదైతే, ఈసారి నవ్వుతున్న ఫొటోతో, ఇంకో ఫ్లెక్సీ. కింద వరసగా కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, ఫ్రెండ్స్ సర్కిల్. ఫ్లెక్సీ మీదికి ఎక్కనిది జరగనట్టే లెక్క. కాబట్టి ఎన్నికల డిమాండు కూడా ఫ్లెక్సీ మీదే జరగాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మొత్తం మూడు వందల పన్నెండు మంది ఫొటోలు పంపారు. ఎవరు పైవరసలో ఉండాలన్న దానిమీద మూడు శుక్రవారాలు పోట్లాడుకున్నారు. చివరికి ఎవరు ముందు దేశం వదిలితే వాళ్లు పైన అని రాజీకొచ్చారు. ఆ లెక్క ఎవరూ కాదనకుండా ప్రతి ఫొటో కిందా పేరు, ఊళ్లో వార్డు నంబరు, ఉన్న దేశం, చేసే పని, ఊరు వదిలి ఎన్నేళ్లయిందీ అచ్చు వేయించారు. 'యెరమళ్ళ దానియేలు, 7వ వార్డు, కువైట్, డ్రైవర్, 9 సం.' అన్నమాట. నల్లకళ్లద్దాలు, వెనకాల పెద్ద పెద్ద మేడలు.

చిట్టిబాబు డిజిటల్స్ యజమాని చిట్టిబాబు దాన్ని నలభై అడుగుల పొడవున అచ్చు వేసి, మూడు రోడ్ల కూడలిలో వెదురు బొంగులకి కట్టాడు. ఎస్తేరు చూడ్డానికి వెళ్లింది.

"డిమాండు ఏదిరా చిట్టీ?"

"ఫొటోలకే చాల్లేదక్కా చోటు. అదిగో, కింద సన్నగా పెట్టేను చూడు."

కిందికి వంగి చూస్తే, ప్రింటింగ్ ప్రెస్సు ఫోను నంబరుకి పక్కన, డిమాండు కనిపించింది.

ఊరంతా విరగబడింది. తల్లులు కొడుకుల్ని వెతుక్కున్నారు. పెళ్లాలు మొగుళ్ల కళ్లద్దాల ఖరీదు ఆరా తీశారు. డిమాండు చదివినవాళ్లు తక్కువే గానీ, ఏదో పెద్ద పోరాటం మొదలైందని మాత్రం అందరికీ అర్థమైంది. ఇక సర్వోత్తమరావు గారు వచ్చి దాన్ని చింపించడం, జనం తిరగబడటమే తరువాయి అనుకున్నారు.

సర్వోత్తమరావు గారు మర్నాడు పదింటికి జీపులో వచ్చారు. దిగారు. కళ్లజోడు తుడుచుకుని, పైవరస నుంచి కిందివరస దాకా మూడు వందల పన్నెండు మందినీ పేరుపేరునా చదివారు. గంటన్నర పట్టింది. చదువుతున్నకొద్దీ ఆయన మొహం విప్పారుతూ వచ్చింది. అంతా అయ్యాక హెడ్ క్లర్కు వీర్రాఘవులు వైపు తిరిగి, "దీనిమీద వాన చుక్క పడకూడదు. టార్పాలిన్ కప్పించండి. ఇద్దరు కాపలా ఉండాలి. ఇది ప్రభుత్వ సాక్ష్యం," అన్నారు.

విషయం ఏమిటంటే, ఎన్నికలు ఆరేళ్లు ఆగింది ఊరికే కాదు. ఓటర్ల జాబితా నూటికి నూరుపాళ్లు స్వచ్ఛంగా ఉంటేనే ఎన్నిక జరపాలని పైనుంచి ఒక ఉత్తర్వు ఉంది. ఊళ్లో లేనివాడి పేరు ఒక్కటున్నా జాబితా మైలపడినట్టే. ఆరేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి అడుగుతుంటే, ప్రతి గుమ్మంలోనూ ఒకటే జవాబు: "ఇప్పుడే బజారుకెళ్లేడండి." ఎందుకంటే దేశంలో లేడని ఒప్పుకుంటే రేషను కార్డులో యూనిట్ ఎగిరిపోతుందని భయం. అలా మూడు వందల పైచిలుకు మంది ఆరేళ్లుగా బజారులోనే ఉన్నారు. ఎవరూ ఇంటికి తిరిగి రాలేదు, ఎన్నికలూ రాలేదు. ఇప్పుడు వాళ్లే ఫొటోలతో, సంవత్సరాలతో సహా, నలభై అడుగుల పొడవున ఒప్పేసుకున్నారు.

ఆ సాయంత్రమే బీఎల్వోల సమావేశం పెట్టారు. బీఎల్వో అంటే ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఆ పని అంగన్‌వాడీ టీచర్ల నెత్తినే పడుతుంది కాబట్టి ఎస్తేరు కూడా వెళ్లింది.

"మిత్రులారా," అన్నారు సర్వోత్తమరావు గారు. "ప్రవాస సోదరులు సకాలంలో ఎన్నికలు కోరారు. వారి ఆకాంక్షను యంత్రాంగం శిరసావహిస్తోంది. అయితే వారి ఆకాంక్షకు అడ్డంకి ఏది? వారి పేర్లే. సదరు పేర్లను తొలగించిన ముప్ఫై రోజుల్లో ఎన్నికలు. ఇది నా హామీ."

ఎస్తేరుకి ఏడో వార్డు నుంచి పంతొమ్మిది పేర్లు ఇచ్చారు. పదకొండోది దానియేలుది.

"సార్, ఈయన మా ఆయనండి."

"విధి నిర్వహణలో బంధుత్వాలు లేవమ్మా."

"నన్నే కొట్టేయమంటారేంటండీ?"

"మరెవరు కొట్టేస్తారు? ఆ వార్డుకి మీరే కదా. ఎన్నికలు రాకపోతే పాలకవర్గం రాదు, పాలకవర్గం రాకపోతే మీ హాలు రాదు. ఆలోచించుకోండి," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

రాత్రి ఎస్తేరు ఇదంతా ఫోనులో దానియేలుకి చెప్పింది.

"తీసెయ్ ఎస్తేరూ," అన్నాడతను. "ఓటెయ్యడానికి ఎలాగూ నాకు సెలవియ్యడు మా కఫీలు, అదే మా అరబ్బు యజమాని. పేరు పోతే పోయింది, బ్లెస్సీ తడవకుండా కూర్చుంటది కదా."

"మీ పేరు నా చేత్తో తీసెయ్యాలంటే ఎలాగోలా ఉందండి."

"నా పేరు నీకు తెలుసు కదా, చాలదా?" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఏడుపొచ్చింది.

పేరు తొలగించాలంటే పద్ధతి ఉంది. బీఎల్వో మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లాలి. తలుపు తట్టాలి. పేరు పెట్టి పిలవాలి. లోపలినుంచి జవాబు రాకపోతే అచ్చు ఫారం మీద సంతకం చేయాలి. సాక్షిగా హెడ్ క్లర్కు వీర్రాఘవులు ఫొటో తీయాలి. సొంత ఇంటికి వేరే పద్ధతి లేదు.

వీర్రాఘవులు ముప్ఫై ఏళ్లుగా అవతలి ఒడ్డు నుంచి పంటు మీద వచ్చి పోతున్న మనిషి. చెడ్డవాడు కాదు, కానీ ఫారంలో గడి లేని విషయం ఆయన బుర్రలోకి ఎక్కదు. ఉదయం పదింటికి ఎస్తేరు ఇంటి ముందుకొచ్చి, "తాళం వేసి తట్టండమ్మా. తీసున్న తలుపు తడితే పద్ధతి కాదు," అన్నాడు.

ఎస్తేరు తన ఇంటికి తానే తాళం వేసింది. తలుపు తట్టింది.

"యెరమళ్ళ దానియేలు గారూ!"

పక్కింటివాళ్లు నోరెళ్లబెట్టి చూస్తున్నారు. సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మెట్టు మీద కూర్చున్న బ్లెస్సీ, "అమ్మా, నువ్వు బయటే ఉన్నావు కదా, తలుపెవరు తీస్తారే?" అంది. ఆ రోజు అక్కడ పడిన ప్రశ్నల్లో బుర్ర పెట్టి అడిగింది అదొక్కటే.

"పిల్లల ప్రశ్నలకి గడి లేదమ్మా," అన్నాడు వీర్రాఘవులు. "రేపు మళ్లీ ఇదే టైముకి తట్టండి."

మూడురోజులు మూడుసార్లు తట్టింది. మూడోరోజు ఫారం మీద సంతకం చేసింది. అందులో ఏం అచ్చయి ఉందో గబగబా చదివింది: 'మూడు పర్యాయములు తలుపు తట్టితిని. ఇంట్లో ఎవరూ లేరు అని ధ్రువీకరించుచున్నాను.' సంతకం తడి ఆరకముందే వీర్రాఘవులు దాన్ని ఫైల్లో పెట్టేశాడు.

వారంలో మూడు వందల పన్నెండు పేర్లూ పోయాయి. ప్రవాసుల ఐక్యవేదిక తమ త్యాగానికి తామే మురిసిపోయి, శుక్రవారం బిర్యానీ వండుకుంది. సాక్ష్యంగా పనికొచ్చిన ఫ్లెక్సీని సర్వోత్తమరావు గారు విప్పించి, చుట్ట చుట్టించి, భద్రంగా సామాజిక భవనంలో పెట్టించారు. దానికోసం ఏడేళ్ల తాళం బద్దలు కొట్టి కొత్త తాళం వేశారు. ఫ్లెక్సీని నిల్వ చేయడం విధానపరమైన నిర్ణయం కాదట.

ఇక్కడితో ఆగితే ఎన్నికలు జరిగిపోయేవే. కానీ స్వచ్ఛత రుచి మరిగిన మనిషికి సగంలో ఆగడం కష్టం. "మూడు వందల పన్నెండు మంది ఇంట్లో లేరని మనకి ఫ్లెక్సీ చెప్పింది. ఫ్లెక్సీ వేయనివాళ్ల సంగతేమిటి?" అని సర్వోత్తమరావు గారికి అనుమానం వచ్చింది. మొత్తం తొమ్మిది వేల ఓట్లూ పరిశీలించాలన్నారు. ఆఫీసు వేళల్లోనే పరిశీలించాలి కాబట్టి పొద్దున్న పదకొండింటికి తలుపులు తట్టించారు. ఆ వేళకి కూలికెళ్లేవాళ్లు చేలల్లో ఉంటారు. కొబ్బరి దింపేవాళ్లు చెట్లమీద ఉంటారు. పీచు మిల్లు ఆడవాళ్లు మిల్లులో ఉంటారు. చేపలోళ్లు గోదాట్లో ఉంటారు. మూడురోజుల్లో సగం ఊరు ఊళ్లో లేదని తేలింది.

"సార్, వాళ్లు పనికెళ్లేరండి. సాయంత్రం వచ్చేస్తారండి," అని ఎస్తేరు మొత్తుకుంది.

"సాయంత్రం రావచ్చు, రాకపోవచ్చు. ఊహాగానాల మీద ప్రజాస్వామ్యం నడవదమ్మా."

పేర్లు పోయినవాళ్లు ఊరుకోలేదు. పని మానుకుని, ఓ సోమవారం ఆఫీసు మీదికి వచ్చారు. మేం ఊళ్లోనే ఉంటామని సాక్ష్యం చెప్పడానికి, పేర్లు పోని మిగతా సగం ఊరినీ వెంటబెట్టుకొచ్చారు. మంచాన పడిన ముసలమ్మల్ని కూడా ఆటోల్లో ఎక్కించి తెచ్చారు. సర్వోత్తమరావు గారు కోప్పడతారనుకుంటే, ఎదురొచ్చి దండం పెట్టారు. షామియానా వేయించారు. మంచినీళ్లు ఇప్పించారు.

"మీ గోడు వినడానికే నేనున్నాను. ఒక్కొక్కరూ వచ్చి, పేరు, ఇంటి నంబరు, వచ్చిన సమయం వేసి ఈ రిజిస్టర్లో సంతకం పెట్టండి," అన్నారు.

ఇంత మర్యాద ఆ ఊళ్లో పెళ్లిళ్లలో కూడా ఎవరూ ఎరగరు. అందరూ వరసలో నిలబడి పెట్టారు. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు. సాక్షులూ పెట్టారు. పొద్దుగూకేదాకా సాగింది. ఆఖరి వేలిముద్ర పడ్డాక సర్వోత్తమరావు గారు రిజిస్టరు మూసి, దానిమీద అరచెయ్యి వేసి చెప్పారు.

"ఇన్ని వేలమంది ఫలానా సమయంలో తాము తమ ఇళ్లలో లేమని, ఇక్కడున్నామని స్వదస్తూరీతో ధ్రువీకరించారు. మీ నిజాయితీకి జోహారు."

జనానికి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యేసరికి షామియానా విప్పేశారు.

ఎస్తేరు మాత్రం ఆ రోజు ఆఫీసుకి రాలేదు, గోదాం వదలలేదు. కాబట్టి తన పేరు ఉంటుందనుకుంది. తుది జాబితా నోటీసు బోర్డుకి అంటించగానే వెళ్లి చూసింది. తొమ్మిది వేల పేర్ల జాబితా ఒక్క కాగితం, అందులో ఒక్క వరస. ఒకే పేరు. పుల్లేటికుర్తి సర్వోత్తమరావు, ఆఫీసు పైఅంతస్తు. ఆయన తలుపు తట్టినప్పుడు ఆయనే తీశారట. ఆఫీసు సిబ్బంది అందరూ అవతలి ఒడ్డు వాళ్లు కాబట్టి వాళ్ల ప్రసక్తే లేదు.

"నా పేరెందుకు పోయిందండీ? నేను ఇంట్లో లేనని ఎవరు చెప్పేరు?" అని వీర్రాఘవుల్ని నిలదీసింది.

ఆయన ఫైలు తిప్పి, ఒక ఫారం తీసి ముందు పెట్టాడు. 'ఇంట్లో ఎవరూ లేరు అని ధ్రువీకరించుచున్నాను.' కింద ఆమె సంతకం. గుండ్రంగా, పిల్లలకి అక్షరాలు దిద్దించే చేత్తో చేసిన సంతకం.

"ఎవరూ లేరంటే మీరు కూడా లేనట్టే కదమ్మా," అన్నాడు వీర్రాఘవులు నేలచూపులు చూస్తూ. ఎస్తేరుకి అక్కడే ఆ ఫైలుతో ఆయన నెత్తి మీద ఒక్కటివ్వాలనిపించింది. ఇవ్వలేదు. ఆ తర్వాత చాలాసార్లు ఇవ్వాల్సిందనుకుంది.

ఎన్నికలు చెప్పిన ముప్ఫయ్యో రోజున, సకాలంలో జరిగాయి. ఒక్క ఓటరుకి ఇరవై వార్డులెందుకని అన్నిటినీ కలిపి ఒకటే చేశారు. సర్వోత్తమరావు గారు నామినేషన్ వేశారు, తానే బలపరిచారు, ప్రత్యేకాధికారి హోదాలో తానే పరిశీలించి సక్రమంగా ఉందన్నారు. పోటీ లేనందున ఏకగ్రీవం. గజమాల వేయించుకుని, ఐక్యవేదికకి ఉత్తరం రాశారు.

'మీరు కోరిన విధంగా ఎన్నికలు సకాలంలో, నిష్పక్షపాతంగా ముగిసినవి. ఒక్క దొంగ ఓటు లేదు. ఒక్క సారా ప్యాకెట్టు పంచలేదు. ఒక్క తల పగల్లేదు. ఇటువంటి స్వచ్ఛమైన ఎన్నిక రాష్ట్రంలో మరెక్కడా జరగలేదని తెలియజేయుటకు సంతోషించుచున్నాను. ఇందులో మీ పాత్ర మరువలేనిది.'

దానియేలు ఆ ఉత్తరం ఫొటో పట్టుకుని ఎస్తేరుకి ఫోన్ చేశాడు.

"ఎన్నికలైపోయేయంట కదా? ఎవరు నెగ్గేరు? హాలిచ్చేరా?"

"అడిగొచ్చి చెప్తానండి," అంది ఎస్తేరు. ఆమె గొంతులో ఏదో మారిందని అతనికి అనిపించింది గానీ, ఏం మారిందో తెలియలేదు.

పదమూడో అర్జీ పట్టుకుని వెళ్లింది. సర్వోత్తమరావు గారు పాత కుర్చీలోనే కూర్చున్నారు, పేరు పలక మాత్రం 'చైర్మన్' అని కొత్తది.

"ఇప్పుడు మీరే ఎన్నికైన పాలకవర్గం కదండీ. విధానపరమైన నిర్ణయం తీసుకోవచ్చు కదండీ?"

"తప్పకుండా. ఎన్నికైన ప్రతినిధిగా అది నా బాధ్యత," అని అర్జీ శ్రద్ధగా చదివారు. "ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు అని రాశారు. ఎవరి పిల్లలమ్మా?"

"ఊళ్లోవాళ్ల పిల్లలండి."

"ఊళ్లో ఎవరున్నారు? తుది జాబితా ప్రకారం ఈ పట్టణంలో నివసించే వయోజనుణ్ణి నేనొక్కణ్ణే. నాకు పిల్లలు లేరు. తల్లిదండ్రులే లేని చోట బిడ్డలు ఉండటం శాస్త్రసమ్మతం కాదు. కాబట్టి హాలు సంగతి అటుంచి, అసలు అంగన్‌వాడీ ఎందుకు నడుస్తోందన్న ప్రశ్న ఉత్పన్నమవుతోంది. వచ్చే ఒకటో తారీఖు నుంచి దాన్ని రద్దు చేస్తున్నాను. పాలకవర్గం తొలి తీర్మానం ఇదే."

"అయితే మేం ఎవరమూ లేమంటారు," అంది ఎస్తేరు.

"నేననడం కాదమ్మా, రికార్డు అంటోంది."

"అలాగేనండి," అని వచ్చేసింది.

దారి పొడుగునా ఆమెకి ఒళ్లు మండిపోతూనే ఉంది. గోదాం దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. సత్తెమ్మ బియ్యం బస్తా ఎత్తి పట్టుకుని ఉంది. పిల్లలు మూలకి చేరారు. ఎస్తేరు ఆ మూల వంక చూసింది, రోడ్డుకి అవతల హాలు వంక చూసింది. తర్వాత మూల ఉన్న కొబ్బరి ఒలిచే గునపం తీసుకుంది.

"ఏం చేత్తన్నావే టీచరమ్మా, కేసు పెడతారు!" అంది సత్తెమ్మ.

"ఎవరి మీద పెడతారు సత్తెమ్మక్కా? ఊళ్లో ఎవరున్నారని?"

కొత్త తాళం రెండు దెబ్బలకి ఊడింది. సర్కారు తాళాలు కొత్తవైతేనే తొందరగా ఊడతాయి. పిల్లలు బిలబిలా లోపలికి పరిగెత్తారు. నేల చల్లగా ఉంది, చాపలన్నీ గోదాంలో తడిసిపోయాయి. మూలన చుట్ట చుట్టి ఫ్లెక్సీ కనిపించింది. ఎస్తేరు, సత్తెమ్మ దాన్ని తోసుకుంటూ హాలంతా పరిచారు. మూడు వందల పన్నెండు మందీ నల్లకళ్లద్దాలతో పైకి చూస్తూ నేలమీద పడుకున్నారు.

పిల్లలు ఫొటోల మధ్య వంగి వంగి వెతికారు. "మా నాన్న!" "మా బాబాయి!" "ఇదిగో మా అమ్మ, మస్కట్ అమ్మ!" బ్లెస్సీ ఏడో వార్డు, కువైట్, డ్రైవర్, తొమ్మిదేళ్లు దొరకపుచ్చుకుని, సరిగ్గా ఆ గడి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మిగతావాళ్లు కూడా ఎవరి గడిలో వాళ్లు కూర్చున్నారు. గోదాంలో ఏనాడూ వాళ్లని అలా కుదురుగా కూర్చోబెట్టలేకపోయిన ఎస్తేరు, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పదింటికి జీపు వచ్చింది. సర్వోత్తమరావు గారు జీపులోనే కూర్చున్నారు. వీర్రాఘవులు ఖాళీ చేయమనే నోటీసు పట్టుకుని వచ్చి, లోపల గడియ వేసున్న తలుపు తట్టాడు.

"లోపల ఎవరండీ?"

లోపలినుంచి ముప్ఫై ఎనిమిది గొంతులు, పద్యం అప్పజెప్పినట్టు ఒక్కసారిగా, "లోపల ఎవరూ లేరండీ! ఆయ్!" అన్నాయి.

వీర్రాఘవులు రెండోసారి తట్టాడు. మూడోసారి తట్టాడు. అదే జవాబు, ఒకసారికంటే ఒకసారి గట్టిగా. జీపులోంచి సర్వోత్తమరావు గారు దిగొచ్చారు.

"ఏమిటీ అల్లరి? తలుపు పగలగొట్టండి!"

వీర్రాఘవులు కదల్లేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఆయన బుర్రలో గడి లేని ఆలోచన ఒకటి దూరింది.

"పగలగొడితే లోపలున్నవాళ్ల పేర్లు రాయాలండి. రాస్తే ఊళ్లో పిల్లలున్నట్టు రికార్డవుద్ది. పిల్లలుంటే వాళ్ల అమ్మానాన్నలున్నట్టవుద్దండి. వాళ్లుంటే మన జాబితా తప్పండి. జాబితా తప్పయితే..." అని, గౌరవంగా చైర్మన్ గారి మెడలో ఇంకా వాడిపోని దండ వైపు చూసి ఆగాడు.

సర్వోత్తమరావు గారు తలుపు వంక చూశారు. దండ సవరించుకున్నారు. లోపల ఎవరో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది, ఎవరో "ష్" అన్నారు.

"రాయండి," అన్నారు చివరికి, జీపెక్కుతూ. "మూడు పర్యాయములు తలుపు తట్టితిమి. లోపల ఎవరూ లేరు."

వీర్రాఘవులు తలుపుకే కాగితం ఆనించి రాసి, సంతకం పెట్టాడు. జీపు మలుపు తిరిగాక తలుపు సందు దగ్గరికి వంగి, "వెళ్లిపోయేరమ్మా," అని మెల్లగా చెప్పాడు. లోపల మళ్లీ అ ఆలు మొదలయ్యాయి.